తాళం వేస్తే మురికి పోదు



బీపీ గురించి, షుగర్ గురించి, మలేరియా జ్వరాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి రాసే విషయం నలుగురిలో ఎవరూ ఎత్తని విషయం. పనిచేసే చోట పదిమంది కలిసి వాడుకునే మరుగుదొడ్డి గురించి, దాన్ని పాడుచేసి వచ్చే ఒక మనిషి గురించి, ఆ మనిషికి ఆ మాట ఎలా చెప్పాలన్న దాని గురించి. చదివి ముఖం చిట్లించుకోవద్దని మనవి. ముఖం చిట్లించి ఊరుకోవడం వల్లనే ఈ సమస్య ఇంతకాలం ఉండిపోయింది.

టేకులపల్లి, ఇల్లందు, కొత్తగూడెం వైపు మన సంఘ కుటుంబాలవారు రకరకాల ఉద్యోగాల్లో ఉన్నారు. ఆఫీసు, బడి, బ్యాంకు, దుకాణం ఏదైనా చాలాచోట్ల పది పదిహేను మందికి ఒకటే బాత్‌రూమ్ ఉంటుంది. అందులో ఒకాయన వెళ్లి నీళ్లు పోయకుండా వస్తాడు. ఇంకొకామె వాడిన గుడ్డ మూలన పడేసి వస్తుంది. ఎవరి పని అన్నది అందరికీ తెలుసు. ఆ మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు. వెనక నవ్వుకుంటారు, ఒక పేరు పెడతారు, గోడమీద ఒక కాగితం అంటిస్తారు. చివరికి ఎవరో ఒక తాళం తెచ్చి తలుపుకు వేసి, తాళంచెవి పెద్దసారు బల్ల సొరుగులో పెడతారు. బాత్‌రూమ్ శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది, వాడేవాళ్లు లేరు కనుక.

ఇది పరిష్కారం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఆ తాళం బరువు ఎవరిమీద పడుతుంది?

మగవాళ్లు గోడ చాటుకు, చెట్టు చాటుకు పోతారు. అదీ తప్పే, కానీ వాళ్లకు గడిచిపోతుంది. ఆడవాళ్లకు గడవదు. తాళంచెవి కోసం నలుగురి ముందు పెద్దసారు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడడం కంటే సాయంత్రం దాకా బిగబట్టుకోవడం మేలనుకుంటారు. దాని కోసం పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మన బొగ్గుగనుల ప్రాంతంలో ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలో చుక్క నీరు లేకుండా ఎనిమిది గంటలు కూర్చోవడమంటే ఒంటిని మనమే ఎండబెట్టుకోవడం.

మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, చలిజ్వరం వస్తే చాలామంది "డర్టీ బాత్‌రూమ్‌కు పోయినందుకు ఇన్‌ఫెక్షన్ అంటుకుంది" అంటారు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మూత్రకోశానికి వచ్చే ఇన్‌ఫెక్షన్‌కు కారణమయ్యే సూక్ష్మక్రిములు ఎక్కువసార్లు మన పేగుల్లోనివే. ఆడవారిలో మూత్రనాళం చాలా పొట్టిది, సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. అందువల్ల ఆ క్రిములు పైకి సులువుగా చేరతాయి. తగినన్ని నీళ్లు తాగి, ఎప్పటికప్పుడు మూత్రం పోస్తుంటే అవి కొట్టుకుపోతాయి. తాగకుండా, పోకుండా ఆపుకుంటే లోపలే పెరుగుతాయి. మూత్రపిండాల్లో రాళ్లకు కూడా నీళ్లు తక్కువ తాగడం ఒక ముఖ్య కారణం. అంటే ఆ మురికి బాత్‌రూమ్ వాడినవారికంటే, దానికి భయపడి వాడనివారికే ఈ జబ్బు ముప్పు ఎక్కువ. గర్భిణీలకు, షుగరు ఉన్నవారికి ఇది మూత్రపిండాల దాకా పోతే ప్రమాదం.

కనుక ఒకరి అశ్రద్ధ వాసనతో ఆగదు. పక్క కుర్చీలో కూర్చున్న చెల్లెలి ఆరోగ్యం దాకా పోతుంది.

చేతుల ద్వారా వచ్చేవి

బాత్‌రూమ్ నుంచి నిజంగా పాకే జబ్బులు వేరే ఉన్నాయి. టైఫాయిడ్, రక్త విరేచనాలు, హెపటైటిస్ ఏ రకం పచ్చకామెర్లు, కొన్ని రకాల నులిపురుగులు. ఇవి మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి వస్తాయి. గొళ్లెం, మగ్గు పిడి, కుళాయి అందరూ ముట్టుకునేవే. అదే చేత్తో టిఫిన్ బాక్స్ మూత తీస్తాం, టీ గ్లాసులు పంచుతాం. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి నుంచి కూడా ఇవి రావచ్చు.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలోని న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకు జ్వరం లేదు, నీరసం లేదు. కానీ ఆమె వండిపెట్టిన ఇళ్లలో టైఫాయిడ్ వచ్చేది. 1907లో అధికారులు ఆమెను పట్టుకుని ఒక దీవిలోని ఆసుపత్రిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. 1915లో ఆమె మళ్లీ ఒక ప్రసూతి ఆసుపత్రిలో వంట చేస్తూ దొరికింది. ఆ తర్వాత 1938లో చనిపోయేవరకు ఆ దీవిలోనే ఉంచారు. పత్రికలు ఆమెకు "టైఫాయిడ్ మేరీ" అని పేరు పెట్టాయి. పేరు పెట్టగలిగారు, బంధించగలిగారు. ఆమె ఒంట్లో క్రిములున్నాయని మాత్రం ఆమెను ఎవరూ ఒప్పించలేకపోయారు. మన ఆఫీసుల్లో మనం చేసేదీ చిన్న ఎత్తున ఇదే. పేరు పెడతాం, తాళం వేస్తాం. నచ్చచెప్పము.

చెప్పే ముందు మనం చూడవలసినవి

ఒకరిని అడిగే ముందు ఒకసారి ఆ గదిలోకి వెళ్లి చూడండి. బకెట్‌లో నీళ్లున్నాయా? మగ్గు పగిలిపోయిందా? లైటు వెలుగుతోందా? లోపలి గొళ్లెం పడుతుందా? సబ్బు ఉందా? ఆడవాళ్లు గుడ్డలు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? ఇవేవీ పెట్టకుండా శుభ్రత అడగడం, ఇటుకలు ఇవ్వకుండా ఇల్లు కట్టమనడమే.

బేసిన్ కింద వంపు తిరిగిన గొట్టంలో కొంచెం నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. కింది నుంచి వాసన, ఈగలు పైకి రాకుండా ఆపేది ఆ నీరే. చాలా రోజుల సెలవులకు ఎండాకాలంలో అది ఎండిపోవచ్చు. అప్పుడు వచ్చే కంపు ఎవరి తప్పూ కాదు. సెలవు తర్వాత తలుపు తీసినవాళ్లు రెండు మగ్గులు పోస్తే చాలు. మూత్రం నిలిచిపోతే అందులోని యూరియా విరిగి అమ్మోనియా తయారవుతుంది. ముక్కు పగిలే వాసన దానిదే. అది ఫినాయిల్‌తో పోదు, వెంటనే పోసే నీళ్లతో పోతుంది.

ఆ మనిషి వైపు నుంచి కూడా ఆలోచించాలి. మోకాళ్ల నొప్పితో కూర్చోలేనివారు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి సరిగా పనిచేయనివారు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ధార సరిగా రానివారు, షుగరువల్ల మాటిమాటికి పోవలసినవారు మన మధ్య ఉన్నారు. వాళ్లకు కావలసింది మందలింపు కాదు, వైద్యం. ఇంకొందరు ఉన్నారు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక, ఇంటికి 12,000 రూపాయల సాయంతో గూడేల్లో, తండాల్లో చాలా కుటుంబాలకు మొదటిసారి మరుగుదొడ్డి వచ్చింది. అంతకుముందు అడవే వాళ్ల చోటు. కమోడ్ ఎలా వాడాలో, ఫ్లష్ మీట ఎక్కడ నొక్కాలో చూపించినవాళ్లు లేకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది? చూపిస్తే ఒక్క రోజులో నేర్చుకునే పని అది. అందుకని "వాళ్ల కులం అంతే, వాళ్ల గూడెం అంతే" అనే మాట మన నోట రాకూడదు. పెద్ద చదువులు చదివి, నీళ్లు పోయకుండా వచ్చేవాళ్లు తక్కువేమీ లేరు.

అసలు జబ్బు

వాళ్లలో చాలామందికి తెలియక కాదు. "సాఫ్ చేయడానికి స్వీపరమ్మ ఉంది కదా" అన్న భావన. ఇదే అసలు జబ్బు అని నేననుకుంటాను. మన మలం మనది కాదు, దాన్ని ఎత్తడానికి పుట్టినవాళ్లు వేరే ఉన్నారు అనే పాత నమ్మకం పంచె విడిచి ప్యాంటు తొడుక్కుని ఆఫీసుకు వస్తోంది.

చేతులతో మలం ఎత్తించడాన్ని మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో అంతకంటే గట్టి చట్టం నిషేధించాయి. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ ఆ దురాచారం మీద జీవితమంతా పోరాడుతున్నారు. ఆయనకు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. 2017 ఫిబ్రవరిలో మన వరంగల్ వైపు గంగదేవిపల్లిలో ఇంకొక సంగతి జరిగింది. ఢిల్లీ నుంచి వచ్చిన కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ రెండు గుంతల మరుగుదొడ్డిలో నిండి మూసిన గుంతలోకి స్వయంగా దిగి, ఎరువుగా మారినదాన్ని ఎత్తి బయటకు తీశారు. అంత పెద్ద అధికారి గుంతలోకి దిగగా లేనిది, మనం ఒక మగ్గు నీళ్లు పోస్తే మన హోదా తగ్గుతుందా?

ఎలా చెప్పాలి?

తప్పు చేసిన సహోదరుని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్లమని, వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుని వెళ్లమని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పించాడు. ఆ వరుస ఆఫీసుకు కూడా సరిగ్గా సరిపోతుంది. మనం చేసేది తలకిందులు. మొదట ఊరందరికీ చెబుతాం, చివరికి కూడా ఆ మనిషికి చెప్పము.

మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చెప్పడం మంచిది. వయసులో దగ్గరివారైతే ఇంకా మంచిది. నలుగురిలో వద్దు, భోజనం దగ్గర వద్దు, ఫోన్‌లో గ్రూపుల్లో అసలే వద్దు. మాట చిన్నగా ఉండాలి. "అన్నా, ఒక్క మాట, ఏమనుకోకు. బాత్‌రూమ్‌లో నీళ్లు సరిగ్గ పడుతలేవు. ఆడోళ్లు పోలేకపోతున్నరు. ఇంకో రెండు మగ్గులు పోసి రా" అంటే చాలు. జరిగినదాని లెక్కలు చదవవద్దు. ఒంట్లో ఇబ్బంది ఉందేమో మెల్లగా అడగండి. ఉంటే ఆసుపత్రికి తీసుకురండి.

"ఆ మనిషి మా పెద్దసారే అయితే?" అని అడుగుతారు. అప్పుడు ఒక్కరే వెళ్లడం కష్టమే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, ఒక మనిషి గురించి కాకుండా బాత్‌రూమ్ గురించి అడగండి. అందరికీ ఒకే నియమం పెట్టమనండి. తాళం తీయించండి. ఆడవాళ్లకు వేరే గది అడగండి. అది దయ కాదు, పనిచేసేవారి హక్కు.

ఇక మన విశ్వాసులలో కొందరు మంచి మనసుతో చేసే ఒక పని గురించి చెప్పాలి. ఎదుటివారిని నొప్పించడం ఎందుకని రోజూ తామే మౌనంగా కడిగి వస్తారు. అది తగ్గింపు స్వభావం అనుకుంటారు. ఒక రోజు కడగడం ప్రేమే. రోజూ మౌనంగా కడగడం మాత్రం ఆ మనిషిని ఎప్పటికీ పసివాడిగా ఉంచడం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగాడు. అక్కడితో ఆగలేదు. మళ్లీ కూర్చుని, మీరు కూడా ఒకరి పాదాలు ఒకరు కడుక్కోవాలని చెప్పాడు. కడగడమూ చేశాడు, చెప్పడమూ చేశాడు. మనం మొదటి సగమే తీసుకుంటున్నాం.

శుభ్రం చేసే చేతుల గురించి

స్వీపరమ్మకు గ్లౌజులు, పొడుగు పిడి బ్రష్, కాళ్లకు బూట్లు ఇప్పించండి. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. బేసిన్ తెల్లబడాలని యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి పోయడం చాలాచోట్ల అలవాటు. అలా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చి ప్రాణం మీదికి తేగలదు. ఏదో ఒకటే వాడాలి, తలుపు తీసి ఉంచాలి. వాడినవారందరూ సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు రుద్ది కడగాలి. శానిటైజర్ చుక్క దీనికి బదులు కాదు, మురికి అంటిన చేతిమీద అది సరిగా పనిచేయదు.

ఇశ్రాయేలీయుల పాళెములో ప్రతి మనిషీ పాళెము వెలుపలికి వెళ్లి, గుంట తవ్వి, తనది తానే కప్పి రావాలని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. దేవుడు ఆ పాళెములో సంచరిస్తాడు కనుక అది పరిశుద్ధంగా ఉండాలన్నది కారణం. ఆ ఆజ్ఞలో పనివాడి మాట లేదు. ఎవరిది వారే.

క్రిస్మస్ పండుగకు, ఉజ్జీవ కూటాలకు మన గుడి ఆవరణలో వందలమంది కూడుకుంటారు. అక్కడి మరుగుదొడ్లు కూటం అయ్యాక ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. ఆఫీసులో మాట్లాడే ధైర్యం ముందు అక్కడ నేర్చుకుందాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఒకసారి ఆ తలుపు తీసి చూడాలని, నీళ్లు, మగ్గు, సబ్బు, గొళ్లెం ఉన్నాయో లేవో లెక్క చూడాలని కోరుతున్నాను. అక్కచెల్లెళ్లు దాహమైనప్పుడు భయం లేకుండా నీళ్లు తాగగలిగే చోట్లుగా మన ఆఫీసులను, మన బడులను, మన మందిరాలను ప్రభువు చేయునుగాక.