ఎవరూ వెయ్యని అప్పీలు

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల్ని పగలగొట్టొద్దని ప్లకార్డులు పట్టుకున్నాం. చెరువు కుంచించుకుపోతోందని ఫొటోలు తీసి ఊరంతా పంపాం. ఫోన్ కంపెనీలు ఒకదాన్నొకటి మింగుతున్న ఏళ్లలో మాత్రం ఒక్క కాగితం ముక్క రాయలేదు.

2016 సెప్టెంబరులో జియో ఉచితం అనగానే ఆధార్ కార్డు పట్టుకుని క్యూ కట్టాం. ఆ ధరలు పోటీని చంపేస్తాయని ఎయిర్‌టెల్ కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కొత్తగా వచ్చినవాళ్లకి ఆధిపత్యం ఎక్కడిదంటూ 2017 జూన్‌లో కమిషన్ దాన్ని కొట్టేసింది. పోటీ గురించి అంత బెంగపడ్డ ఎయిర్‌టెలే తర్వాత టెలినార్‌ని, టాటా మొబైల్ వ్యాపారాన్ని తనలో కలిపేసుకుంది. వొడాఫోన్, ఐడియాల విలీనానికి 2017 జులైలో కమిషన్ సరేనంది, 2018 ఆగస్టు 31న అదీ పూర్తయింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. చివరికి మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, బీఎస్ఎన్ఎల్.

అమెరికాలో 2011లో టీ-మొబైల్‌ని ఏటీ అండ్ టీ కొనబోతే, పోటీ కంపెనీ స్ప్రింట్ స్వయంగా కోర్టుకెక్కింది. అప్పటికే అక్కడి ప్రభుత్వమూ దావా వేసింది. డిసెంబరుకల్లా ఏటీ అండ్ టీ వెనక్కి తగ్గింది. ఆ స్ప్రింటే 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయిందనుకోండి! పోటీ కంపెనీల నీతి వాటి అవసరం తీరేదాకానే. పోటీకి కాపలా కాసే పని వాళ్లకే వదిలేశాం, అదీ మన తప్పు.

విలీనాల్ని ప్రశ్నించే దారి మనకి లేదనడం అబద్ధం. కమిషన్ ఉత్తర్వు మీద అభ్యంతరం ఉన్న బాధితులు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. 2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌ని కొంటే వ్యాపారుల సమాఖ్య అప్పీలుకి వెళ్లింది. ఓడిపోయింది, అది వేరే సంగతి. గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్లకి పట్టిన చట్టం, విదేశీ టెలికాం కంపెనీలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే మనకి పట్టలేదు.

ఎందుకు పడుతుంది? 2024 జులైలో మూడు కంపెనీలూ ఒకే వారంలో రేట్లు పెంచాయి. 28 రోజులకి 239 రూపాయలున్న జియో ప్యాక్ 299 అయింది. మనలో చాలామందికి ఫోన్ బిల్లు ఆఫీసే ఇస్తుంది. మన గిన్నెలు తోమే అమ్మకి, గేటు దగ్గరి వాచ్‌మన్‌కి ఎవరిస్తారు? వాళ్లకి ఆ 60 రూపాయలు లెక్కే. ఆ లెక్క మనం ఎప్పుడూ వెయ్యలేదు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది మన గేటు లోపలే ఉంది. పెద్దపెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో కొన్నిచోట్ల ఒకే ఇంటర్నెట్ కంపెనీకి కేబుల్ దారి ఇస్తాం. రెండోవాడొస్తే సెక్యూరిటీ చేత ఆపిస్తాం. సంతకాలు పెట్టేది మనమే, నెట్ పోయినప్పుడు వాట్సాప్ గ్రూపులో తిట్టేదీ మనమే. ఢిల్లీలో కమిషన్ ఏం చేసిందని అడిగే మొహం మనకుందా?

వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో ఆ ఒప్పందం కాగితం బయట పెట్టమని అడగండి. రెండో కంపెనీకి కూడా దారి ఇవ్వాలని తీర్మానం పెట్టండి. పక్క ఫ్లాట్‌వాళ్లు చెయ్యెత్తే దాకా ఆగకండి.