లేత రంగు పూస్తే మనం లేనట్టేనా?

పోస్టు పొడుగుంది. టైం తీసుకొని చదవండి.

ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు ఎక్కడెక్కడ ఉన్నారో చూపించే రంగుల మ్యాపులు మన గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటాయి. అల్లూరి జిల్లా ముదురు ఆకుపచ్చ, మన్యం జిల్లా ముదురు ఆకుపచ్చ. కిందికి దిగేకొద్దీ రంగు పలచబడి కర్నూలు, నంద్యాల, కడప దగ్గరికొచ్చేసరికి దాదాపు తెల్లకాగితం. ఎంత చక్కగా ఉంది అని మనవాళ్లే షేర్ చేస్తాంటారు. ఆ తెల్లకాగితంలోనే డోన్ ఉంది. మన సుగాలీ తండాలు, పట్టాల పక్కన ఎరుకల ఇళ్లు, నల్లమలలో చెంచు గూడేలు అన్నీ ఆ తెలుపు కిందే ఉన్నాయి.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఎస్టీలు నూటికి ఇద్దరు. మ్యాపు గీసినోడు ఆ శాతం చూసి లేత రంగు పూసినాడు. అదే లెక్కను మనుషుల్లో చెప్తే ఎనభై వేల పైచిలుకు. నూటికి ఇద్దరు అంటే ఎవరికీ పట్టదు, ఎనభై వేల మంది అంటే ఏ ఆఫీసరైనా కుర్చీలో సర్దుకొని కూర్చుంటాడు. అంకెలు రెండూ నిజమే. ఏది రంగుగా మారాలో తేల్చేది మాత్రం గీసేవాడే. డేటాకు కులం లేదు, పక్షం లేదు అని మాట్లాడే ఫ్రెండ్స్‌కు మేం చెప్పేది ఇదే.

ఇంకో తమాషా ఉంది. నంద్యాల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, డోన్ అందులోకి పోయింది. అంకెలు మాత్రం 2011వి. కొత్త గీతల మీద పాత లెక్కలు పూసి 'నేటి పరిస్థితి' అని హెడ్డింగు పెడతారు. 2011లో పుట్టిన పిల్లలు ఇప్పుడు మనతోపాటు హాస్టల్లో ఉన్నారు!

జిల్లా సంగతి పక్కన పెట్టి పట్టణంలోకి వద్దాం. ఇక్కడ మాయ ఇంకా సులువు. లెక్క కోసం ఒక వార్డులో 500 ఇళ్లు ఉన్నాయనుకోండి. అందులో మనవి 20, ఊరి చివర, నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలు దాటినాక. 480 ఇళ్లకు కొళాయి ఉంది, మన 20 ఇళ్లకు లేదు. వార్డు మొత్తానికి 96 శాతం. ఇన్ఫోగ్రాఫిక్‌లో ఆ వార్డు నిండు నీలం, పక్కన నవ్వే నీటిచుక్క బొమ్మ. మన ఆడోళ్లు బిందెలు పట్టుకొని ట్యాంకర్ కోసం నిలబడేది ఆ నీలం రంగులోనే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. గీత ఎంత పెద్దగా గీస్తే మనం అంత చిన్నగా కనపడతాం, అంతే.

మురికివాడల లెక్క కూడా అట్లాంటిదే. ప్రభుత్వం ముందే గుర్తించిన వాడలు కాకుండా కొత్తగా ఒకచోటును మురికివాడగా రాసుకోవాలంటే కనీసం 300 మంది జనాభా, లేదా 60–70 ఇళ్లు ఒకచోట ఉండాలని 2011 జనగణన నిబంధన. పట్టణాల అంచున మనవాళ్లు పదిహేనో ఇరవయ్యో ఇళ్లు వేసుకుంటారు. వాళ్లది మురికివాడ కాదు, మంచి కాలనీ అంతకన్నా కాదు. ఆ మ్యాపులో వాళ్లకు రంగే లేదు.

ఇదంతా మ్యాపుల మీద కోపంతో రాయడం లేదు. మ్యాపు ఎవరి చేతిలో ఉందనేదే మా గొడవ. 1889లో చార్లెస్ బూత్ అనే పెద్దమనిషి లండన్‌లో వీధి వీధికీ రంగులు వేసి పేదరికం మ్యాపు అచ్చేసినాడు. గొప్ప పనే. కానీ అందరికన్నా కింది వర్గానికి నల్లరంగు పూసి, వాళ్లు దుర్మార్గులు, సగం నేరస్తులు అని పక్కన రాసినాడు. ఆ మాట మనకు కొత్త కాదు. 1871లోనే తెల్లోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. స్టువార్టుపురం సెటిల్మెంటులో ఎరుకలోళ్లను ఎట్లా పెట్టినారో ఇంట్లో పెద్దోళ్లను అడగండి. 1952లో ఆ చట్టం పోయింది, చూపు పోలేదు. 1930లలో అమెరికాలో నల్లవాళ్లుండే పేటలకు మ్యాపుల్లో ఎర్రరంగు పూసినారు. ఎరుపు ఉన్నచోట ఇంటి లోను పుట్టలేదు. ఒక్కచోట రంగే లేకుండా మాయం చేస్తారు, ఇంకోచోట రంగు పూసి ముద్ర వేస్తారు.

అందుకే మన పెద్దోళ్లు 'మ్యాపులో ఎక్కితే రేపు ఇల్లు కూల్చడానికి దారి చూపించినట్టే' అంటారు. అది చదువురాని మాట కాదు. అనుభవించి చెప్పే మాట. దానికి జవాబు లేకుండా సెల్‌ఫోన్ పట్టుకొని తండాలోకి పోవద్దు.

మా జవాబు ఇది. 1900లో పారిస్ ప్రదర్శనకు డబ్ల్యూ.ఈ.బీ. డుబాయ్, ఆయన అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులు కలిసి దాదాపు అరవై చార్టులు చేత్తో గీసి రంగులు వేసి పంపినారు. నల్లవాళ్లకు ఎంత భూమి ఉంది, ఎంతమంది చదువుకున్నారు అని లోకానికి వాళ్లే చూపించినారు. అప్పటికి వాళ్లూ మనలాంటి కుర్రోళ్లే. 2009లో నైరోబీలో కిబేరా అనే పెద్ద బస్తీ మ్యాపుల్లో ఖాళీగా ఉంటే, అక్కడి యువకులే జీపీఎస్ పట్టుకొని నడిచి సందులు, నీళ్ల పాయింట్లు ఎక్కించినారు. మన దేశంలో 2021 ఫిబ్రవరి నుంచి భారతీయులు మ్యాపులు గీసుకోవడానికి ముందస్తు పర్మిషన్ల తలనొప్పి చాలావరకు పోయింది. ఇక అడ్డం ఏముంది?

డోన్‌లో మనం గీయాల్సింది వసతులు. మనుషుల్ని కాదు. మన ఇళ్ల నుంచి కొళాయి ఎన్ని అడుగులు, అంగన్‌వాడీ ఎంత దూరం, వీధిలైటు ఏ స్తంభం దగ్గర ఆగిపోయింది, ట్యాంకర్ ఏ రోజు వస్తుంది, వర్షం వస్తే రైల్వే బ్రిడ్జి కింద దారి ఉంటుందా లేదా. ఎవరి పేరూ, ఎవరి ఇంటి నంబరూ, ఎవరికి పట్టా ఉంది లేదు అనేదీ అందులో ఉండకూడదు. అది ఆన్‌లైన్‌లో పెట్టాలా వద్దా అనేది ఆ వీధిలో ఉండేవాళ్లే కూర్చొని తేల్చాలి. మనం కాదు.

ఇంత తొందర ఎందుకంటే జనగణన. ఇళ్ల జాబితా 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అని ప్రభుత్వం ప్రకటించింది. మున్సిపాలిటీలో ఎస్టీ సీట్లు జనాభాను బట్టే అని రాజ్యాంగం 243-టీ చెప్తుంది. రాయలసీమలో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు, కాబట్టి మన బలమంతా ఆ తలల లెక్కలోనే ఉంది. మరి ఫిబ్రవరిలో మనవాళ్లు యాడ ఉంటారు? గుంటూరు దిక్కు మిరప చేన్లలో, సుగ్గిలో. లెక్కపెట్టే రోజులన్నీ ఇంటికి రాకపోతే, మనిషిని ఉన్నచోటే రాసుకోవడం జనగణన పద్ధతి. అంటే డోన్ మనిషి గుంటూరు అంకెల్లో కలుస్తాడు. చేను గట్టు మీద గుడిసె ఎవరి కంటా పడకపోతే ఆ అంకెల్లోనూ ఉండడు. ఇక్కడ తండాలో మిగిలేది 'తాళం వేసి ఉంది' అనే మాట. వచ్చే పదేళ్లు గీసే ప్రతి మ్యాపులోనూ ఆ తాళమే మన రంగు.

కాబట్టి మ్యాపుతోపాటు ప్రతి తండాకు ఇంకో కాగితం కావాలి. సుగ్గికి పోయే ఇళ్లు ఎన్ని, ఏ మండలానికి పోతారు, ఎప్పుడు తిరిగొస్తారు. పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. దాన్ని జనగణన చార్జి ఆఫీసర్‌కు ఇచ్చి రశీదు తీసుకోవాలి. మామూలుగా పట్టణంలో మున్సిపల్ కమిషనర్, మండలంలో తహసీల్దారు ఆ బాధ్యతలో ఉంటారు. గుంటూరు, పల్నాడు వైపు చదివే మన పిల్లలు అక్కడి చేన్లకు పోయి, మనవాళ్లను రాసుకున్నారో లేదో కనుక్కోవాలి. ఈ పని సంక్రాంతి లోపలే అయిపోవాలి. పండగ దాటితే తండాలో అడగడానికి ముసలోళ్లు తప్ప ఎవరూ దొరకరు.