పెన్సిలిన్ పాఠం ఫ్లెమింగ్‌తో ముగియదు

యానాంను ఆనుకొని ఉన్న కాకినాడ జిల్లాలో 2024లో పెన్సిలిన్-జి కర్మాగారం మొదలైంది. చాలా ఏళ్లుగా చైనా నుంచి తెచ్చుకుంటున్న ముడి మందును మళ్లీ మన దేశంలోనే తయారుచేయాలన్న కేంద్ర ప్రోత్సాహక పథకంలో అది భాగం. ఆ వార్తను మనం పెట్టుబడులు, ఉద్యోగాల లెక్కల్లోనే చదివాం. బడిలో చెప్పుకోవలసిన సంగతి కూడా అందులో ఉంది. ఎంత పెద్ద కర్మాగారమైనా, అక్కడ పెన్సిలిన్‌ను తయారుచేసేది బూజే. 1957లో అమెరికా శాస్త్రవేత్త జాన్ షీహన్ ప్రయోగశాలలో పెన్సిలిన్‌ను కృత్రిమంగా తయారుచేసి చూపించారు. కానీ ఆ దారిలో ఖర్చు ఎక్కువ. అందుకే నేటికీ పరిశ్రమ బూజునే నమ్ముకుంది.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, ఉన్న మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతోంది. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు నేరుగా ఇదే కారణం. కొత్త యాంటీబయాటిక్‌లేమో అరుదుగా వస్తున్నాయి. కొత్తవాటి కోసం వెతికే దారుల్లో ఒకటి, ప్రకృతి పాతవాటిని ఎలా తయారుచేస్తోందో పరమాణువుల స్థాయిలో తెలుసుకోవడం.

బూజు కణంలో ముందుగా మూడు అమైనో ఆమ్లాలు చిన్న గొలుసుగా కలుస్తాయి. ఐసోపెన్సిలిన్-ఎన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆ గొలుసును పట్టుకుంటుంది. తనలోని ఒక ఇనుము పరమాణువు, గాలిలోని ఒక ఆక్సిజన్ అణువు సాయంతో గొలుసు నుంచి నాలుగు హైడ్రోజన్లను తీసేసి, రెండు వలయాలను మూస్తుంది. తీసిన హైడ్రోజన్లు, ఆక్సిజన్ కలిసి రెండు నీటి అణువులవుతాయి. ఆ వలయాల్లో ఒకదానిలో నాలుగే పరమాణువులు ఉంటాయి. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోకుండా అడ్డుపడేది ఆ చిన్న వలయమే. దాన్ని తెంచే ఎంజైమ్ సంపాదించుకున్న బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ పనిచేయదు.

ఇదంతా ఎలా తెలిసింది? బడిలోని సూక్ష్మదర్శినిలో ఎంజైమ్ ఆకారం కనిపించదు. అందుకని దాన్ని శుద్ధిచేసి, మనం తరగతిలో మైలుతుత్తం స్ఫటికాలను పెంచినట్టే ఓపికగా స్ఫటికంగా పెంచుతారు. స్ఫటికంలో కోట్ల అణువులు ఒకే క్రమంలో బారులు తీరి ఉంటాయి. దానిలోకి ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి చుక్కల నమూనా ఏర్పడుతుంది. ఆ చుక్కల స్థానాలను, తీవ్రతలను బట్టి లెక్కలు కట్టి, ఏ పరమాణువు ఎక్కడుందో తేలుస్తారు. ఇదే క్రిస్టలోగ్రఫీ.

ఇంగ్లండ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ ఈ పద్ధతితోనే 1945లో పెన్సిలిన్ అణువు నిర్మాణాన్ని తేల్చారు. అందులో నాలుగు పరమాణువుల వలయం ఉందా లేదా అన్న వాదన అంతటితో ముగిసింది. ఆ వలయాన్ని అల్లే ఎంజైమ్ ఆకారం తెలియడానికి మాత్రం మరో 50 ఏళ్లు పట్టింది. 1995లో ఆక్స్‌ఫర్డ్ బృందం దాన్ని ప్రకటించింది. కానీ ఆకారం తెలిసినంత మాత్రాన పని తీరు తెలియదు. ఆక్సిజన్ తగిలితే చర్య మొదలైపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు ఆక్సిజన్ తగలకుండా స్ఫటికాలను పెంచి, గొలుసు ఇనుము పక్కన అమరి ఉన్న స్థితిని 1997లో చూపించారు. ఆ తర్వాత స్ఫటికంలోకి ఒత్తిడితో ఆక్సిజన్ పంపి, లోపల పెన్సిలిన్ కట్టడం ఏర్పడటాన్ని కూడా చూశారు.

ఇది దూరదేశపు శాస్త్రమేమీ కాదు. ప్రొటీన్ నిర్మాణం సరిగా వచ్చిందో లేదో సరిచూడటానికి ప్రపంచమంతా వాడే రామచంద్రన్ పటం 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం ఇచ్చినదే. హాడ్జ్‌కిన్ దగ్గర ఇన్సులిన్ నిర్మాణం మీద పనిచేసి వచ్చిన ఎం. విజయన్, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొటీన్ క్రిస్టలోగ్రఫీకి పునాది వేశారు. చెన్నైలో, బెంగళూరులో చదివే మన తెలుగు పిల్లలకు ఈ రెండూ సొంత ఊరి సంస్థలే.

అయితే ఎంజైమ్ నిర్మాణం తెలిసిన మర్నాడే మందు రాదు. ఏ భాగాన్ని మారిస్తే ఎంజైమ్ మరో పదార్థాన్ని స్వీకరిస్తుందో ఊహించి, పరీక్షించే వీలు కలుగుతుంది. అక్కడి నుంచి రోగి చేతికి మాత్ర చేరడానికి ఏళ్లు పడతాయి. అప్పటిదాకా ఉన్న మందులనే కాపాడుకోవాలి. తక్కువ మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడతాయని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు.

మన తరగతుల్లో పెన్సిలిన్ పాఠం తరచూ 1928, ఫ్లెమింగ్, బూజు అన్న మూడు మాటలతో ముగుస్తుంది. పరీక్షకు అది సరిపోవచ్చు. మందు ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు మానేస్తుందో తెలిసిన పిల్లవాడు మాత్రం ఇంట్లో మిగిలిపోయిన మాత్రను చూసి ఒక ప్రశ్న వేస్తాడు. ఈ పాఠం తెలుగులో చెప్పలేనిదేమీ కాదు. ఎంజైమ్, ఆక్సిజన్ వంటి నాలుగు పేర్లు ఎలాగూ చాలా భాషల్లో దాదాపు ఒకటే. మిగిలిన గొలుసు, వలయం, గోడ, స్ఫటికం అన్నీ మన మాటలే. ఉపాధ్యాయులం ఈ ఏడాది మైలుతుత్తం ప్రయోగం చేయించే రోజున ఇంకో పది నిమిషాలు ఈ కథకు కేటాయిద్దాం. తల్లిదండ్రులు ఎర్రగీత ఉన్న మందు అట్టను డాక్టరు చీటీ లేకుండా కొనకుండా ఉంటే, ఆ పాఠం ఇంట్లోనూ కొనసాగినట్టే.