మాఫీ ఏలినవారి దయ, దివాలా పౌరుడి హక్కు

చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులపాటు తూర్పుతీరంలో మరపడవల వేటను నిషేధిస్తారు. పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం పక్కనున్న వీరాంపట్టినంలోనూ ఆ రెండు నెలలు పడవలు ఒడ్డు దిగవు. పడవ ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. నిషేధకాలంలో ప్రభుత్వమిచ్చే భృతి ఆకలికి ఆసరా కావచ్చు. అప్పుకు మాత్రం అది జవాబు కాదు.

అప్పు చేసి పప్పు కూడు తినేవారిని వెక్కిరించే నానుడి మనకుంది. వలకూ ఇంజనుకూ డీజిలుకూ అప్పు చేసినవాడికి ఆ వెక్కిరింత వర్తించదు. అది కూటి కోసం చేసిన అప్పు కాదు, కూడు సంపాదించడం కోసం చేసినది. పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే పట్టిన చేపను అమ్మవలసి రావడం, ధర కూడా అతడే నిర్ణయించడం మన తీరప్రాంతాల్లో పాత కథే. యానాం జాలరికైనా, గోదావరి జిల్లాల కౌలురైతుకైనా ఈ లెక్క కొత్తది కాదు. ఒక్క తుపానో, ఒక్క ఆసుపత్రి బిల్లో వచ్చిపడితే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు ఆ మనిషికి చట్టం చూపే దారి ఏమిటి?

తెలుగునాట ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు పదం మన నోళ్లలో నలిగి తిట్టుగా మారింది. ఆ పిటిషన్‌కు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పు 500 రూపాయలకు చేరి, తీర్చలేని స్థితిలో ఉన్నవాడు కోర్టుకు వెళ్లవచ్చునని అది చెబుతుంది. వందేళ్లు దాటిన ఆ అంకెను చూస్తేనే తెలుస్తుంది, సామాన్యుడి దివాలాను మన పాలకులు ఎంత శ్రద్ధగా పట్టించుకున్నారో.

నిజానికి పార్లమెంటు పట్టించుకుంది. 2016లో ఆమోదించిన దివాలా స్మృతి మూడో భాగం పూర్తిగా వ్యక్తులకూ భాగస్వామ్య సంస్థలకూ ఉద్దేశించినదే. అందులో నిరుపేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే ప్రక్రియను పొందుపరిచారు. ఏడాది ఆదాయం 60,000 రూపాయలకు మించని, ఆస్తి విలువ 20,000 దాటని, సొంత ఇల్లు లేని మనిషికి తాకట్టు లేని అప్పులు 35,000 లోపు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తును స్వీకరిస్తే 180 రోజులు ఆ అప్పుల వసూలు ఆగుతుంది. అన్నీ సక్రమంగా ఉంటే చివరికి వాటి నుంచి విముక్తి లభిస్తుంది.

ఈ మాటలన్నీ కాగితం మీదే ఉన్నాయి. 2019 డిసెంబరు 1 నుంచి మూడో భాగాన్ని అమల్లోకి తెచ్చింది కేవలం కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో. అంటే ఆ తలుపు తెరుచుకున్నది ప్రధానంగా కంపెనీల యజమానులకు, వారి నుంచి వసూలు చేసుకోవలసిన బ్యాంకులకు. తక్కినవారు నేటికీ 1920 నాటి గుమ్మం ముందే నిలబడాలి.

కంపెనీల సంగతి చూడండి. వాటి దివాలాకు ట్రిబ్యునల్ ఉంది, గడువు ఉంది, నిపుణులున్నారు. పరిష్కారమైన కేసుల్లో రుణదాతల క్లెయిములలో సగటున మూడోవంతుకు అటూ ఇటూగానే వసూలవుతోంది. మిగతాదాన్ని ‘హెయిర్‌కట్’ అని మర్యాదగా పిలుస్తాం. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. మునిగిన వ్యాపారానికి ఒడ్డు చూపడం ఆర్థిక వ్యవస్థకు అవసరమే. ఆ ఇంగితం వ్యక్తి దగ్గరకు వచ్చేసరికి నీతిపాఠంగా ఎందుకు మారిపోతుందన్నదే నా ప్రశ్న.

ఇక్కడే రాజకీయం ఉంది. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రుణమాఫీ వాగ్దానం ఎన్నికలను ఊపింది. 2024లో తెలంగాణ రెండు లక్షల దాకా పంటరుణాల మాఫీని చేపట్టింది. మాఫీ వల్ల మేలు పొందినవారు లేకపోలేదు. కానీ అది బ్యాంకు పుస్తకాల్లో ఉన్న పంటరుణానికే పరిమితం. పొలం కాగితం లేని కౌలురైతుకూ, చేపల వ్యాపారికి బాకీపడ్డ జాలరికీ అది అందదు. పైగా మాఫీ వస్తే నాయకుడి ఫొటో వస్తుంది. దివాలా ఉత్తర్వు మీద ఎవరి ఫొటో ఉండదు. ఆ నోటిఫికేషన్ కోసం ఏ పార్టీ తొందరపడకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

విముక్తి సులువైతే ఎవరూ అప్పు కట్టరన్న వాదన తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు దానికి నేపథ్యం. ఆ తర్వాత వాయిదాల చెల్లింపులు కుప్పకూలాయి, సంస్థలు వెనుదిరిగాయి, కొత్త అప్పు పుట్టడం కష్టమైంది. అయితే దాని నుంచి నేర్చుకోవలసిన పాఠం వేరు. కట్టగలిగినవారినీ కట్టలేనివారినీ ఒకే గాటన కట్టి వసూళ్లను ఆపితే వ్యవస్థ చెదురుతుంది. దివాలా ప్రక్రియ చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఒక్కొక్కరి ఆదాయాన్నీ ఆస్తినీ విడిగా పరిశీలించి, నిజంగా కట్టలేనివారికే విముక్తి ఇస్తుంది.

కాబట్టి అడగవలసినవి మూడు. మూడో భాగాన్ని సామాన్య పౌరులకు వర్తింపజేస్తూ కేంద్రం నోటిఫై చేయాలి. 2016 నాటి 60,000, 20,000, 35,000 పరిమితులను నేటి ధరలకు తగినట్టు సవరించాలి. రుణవసూలు ట్రిబ్యునళ్లు నగరాల్లోనే ఉంటాయి గనుక, దరఖాస్తును తాలూకా స్థాయిలోనే స్వీకరించే ఏర్పాటు, ఉచిత న్యాయసహాయం ఉండాలి.

ఇందులో రెండోదానికీ మూడోదానికీ కొంత కసరత్తు కావాలి. మొదటిదానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. పార్లమెంటు తన పని చేసి చాలా ఏళ్లయింది. జూన్ 15న పడవ మళ్లీ కడలిలోకి వెళుతుంది. దాన్ని నడిపేవాడు గత సీజన్ల అప్పును కూడా మోసుకునే వెళ్లాలా అన్నది ఢిల్లీలో ఒక గెజెట్ ప్రకటన తేల్చగల విషయం.