తోలా, ప్లాస్టిక్కా? ముందు ట్రిగ్గర్ సంగతి చూడండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళలో వారాంతపు విందులంటే ఒకప్పుడు గ్రీన్‌కార్డు, ఇళ్ళ ధరలు, పిల్లల స్కూళ్ళు తప్ప వేరే మాట వినిపించేది కాదు. ఈ మధ్య ఇంకో మాట వచ్చి చేరింది. భోజనాలయ్యాక గరాజ్‌లో నలుగురు నిలబడితే, "ఎల్‌టీసీ క్లాసు అయిపోయిందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎల్‌టీసీ అంటే టెక్సస్‌లో తుపాకీ వెంట ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు.

మొన్న అలాంటి చోటే ఒక మిత్రుడు కొత్తగా కొన్న తోలు హోల్‌స్టర్ చూపించాడు. "అసలైన తోలు అన్నా, పదేళ్ళు చెక్కుచెదరదు" అన్నాడు. పక్కనున్నాయన ఒప్పుకోలేదు. "తోలు పాతకాలం నాటిది, ఇప్పుడందరూ కైడెక్సే" అన్నాడు. అరగంట సేపు వాదన నడిచింది. ధర, అందం, మన్నిక, నడుముకు ఒరుసుకోవడం, అన్నీ వచ్చాయి. రాని మాట ఒక్కటే. ఈ ఒర వదులైతే ట్రిగ్గర్‌కు ఏం తగులుతుంది? నాకు తెలిసి ఎంపిక మొదలు కావాల్సింది అక్కడే.

తుపాకీ కొనాలా వద్దా అనేది ఏ కుటుంబానికి ఆ కుటుంబం తేల్చుకోవాల్సిన విషయం. రాత్రి పన్నెండింటి దాకా గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నిలబడే మనిషి భయాన్ని నేను తీసిపారేయలేను. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో మన హైదరాబాదీ ఇంజినీర్‌ను బార్‌లో కాల్చి చంపిన తర్వాత ఎంతమంది ఇళ్ళలో ఈ చర్చ మొదలైందో మనందరికీ తెలుసు. 2024లో జార్జియాలో మన విద్యార్థి ఒకరు సొంత తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయిన వార్త కూడా మనం చదివాం. కొనడానికి కారణం మొదటి వార్త అయితే, కొన్న తర్వాత రోజూ గుర్తుంచుకోవాల్సింది రెండో వార్త.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు వీసా సంగతి ఒకటి చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఆ లైసెన్సు చూపించి పిస్టల్ నడుముకు పెట్టుకుని తిరగవచ్చని స్నేహితులు చెబితే నమ్మకండి, లాయర్‌ను అడగండి. నేను చెప్పబోయేదంతా గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉండి, చట్టప్రకారం అర్హత ఉన్నవారికే.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న 21 ఏళ్ళు నిండినవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. కానీ అది బయటికి కనిపించేలా ఉంటే మాత్రం హోల్‌స్టర్‌లో ఉండి తీరాలి. లైసెన్సు అక్కర్లేకపోయేసరికి క్లాసుకు వెళ్ళేవారు, రేంజ్‌లో శిక్షకుడి ముందు నిలబడేవారు తగ్గితే ఆశ్చర్యం లేదు. శిక్షణ తగ్గినకొద్దీ ఒర మీద పడే భారం పెరుగుతుంది.

మనవాళ్ళు ఎక్కువగా కొనే ఆధునిక పిస్టళ్ళు చాలావాటికి, గ్లాక్ లాంటివాటికి, బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది, నొక్కకపోతే పేలదు. నొక్కింది వేలా, చొక్కా అంచా, జాకెట్ తాడా, మడతపడిన తోలా అన్నది దానికి తెలియదు. ఒర మొదటి పని ట్రిగ్గర్‌ను పూర్తిగా, గట్టిగా కప్పి ఉంచడం. దాచడం, అందం, సుఖం ఆ తర్వాతే.

తోలుకు మంచి గుణాలు చాలా ఉన్నాయి. వాడేకొద్దీ ఒంటి వంపుకు తగ్గట్టు అమరుతుంది. పిస్టల్ తీసేటప్పుడు చప్పుడు చేయదు. పిస్టల్ పై పూతను అంతగా గీకదు. పన్నెండు గంటలు షాపులో నిలబడేవారికి ఆ మెత్తదనం చిన్న విషయం కాదు. కానీ ఆ మెత్తదనమే దాని లోపం కూడా. చెమట తాగి, వేడికి నాని, ఏళ్ళ తరబడి వంగి వంగి తోలు సడలుతుంది. పిస్టల్ బయటికి తీయగానే కొన్ని ఒరల మూతి మూసుకుపోతుంది. మళ్ళీ లోపలికి దింపేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డులోకి దూరితే పిస్టల్ తొడ వైపు చూస్తూ పేలుతుంది. పాతబడిన తోలు ఒరల వల్ల ఇలాంటి ప్రమాదాలు నిజంగా జరిగాయి. తోలుతో చిక్కేమిటంటే అది ఒక్కరోజులో చెడదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనపడదు కాబట్టి మనం గమనించం.

కైడెక్స్ అనేది 1960లలో విమానాల లోపలి భాగాల కోసం తయారుచేసిన గట్టి ప్లాస్టిక్. రేకును వేడి చేసి, ఫలానా మోడల్ పిస్టల్ ఆకారానికి అచ్చు పోస్తారు. పిస్టల్ లోపలికి వెళ్ళగానే 'టక్' మని పట్టుకుంటుంది. పిస్టల్ తీసినా మూతి తెరుచుకునే ఉంటుంది. పట్టు ఎంత ఉండాలో చాలావాటిలో స్క్రూతో సరిచేసుకోవచ్చు. చెమట పీల్చదు, నీళ్ళతో కడిగితే చాలు. దీనికీ లోపాలున్నాయి. ఒంటికి గుచ్చుకుంటుంది, చప్పుడు చేస్తుంది, పిస్టల్ మీద గీతలు పడతాయి. టెక్సస్ ఎండలో మూసిన కారు అద్దం కింద వదిలేస్తే వంకరపోవచ్చు, దెబ్బ తగిలితే పగలవచ్చు. అయితే పగులు కంటికి కనిపిస్తుంది. చూసిన రోజే చెత్తబుట్టలో వేయవచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది. కొత్తగా తుపాకీ వెంట ఉంచుకోవడం మొదలుపెట్టిన మన కుటుంబాలకు మొదటి ఒర గట్టి ప్లాస్టిక్‌దే కావాలి. మనలో చాలామంది ఇంట్లో తుపాకీ చూస్తూ పెరిగినవాళ్ళం కాదు. రేంజ్‌కు నెలకోసారి వెళ్తే గొప్ప. ఒర సడలిందని చేతి స్పర్శతో కనిపెట్టేంత అనుభవం మనకు లేదు. అలాంటప్పుడు నిశ్శబ్దంగా చెడిపోయే వస్తువు కన్నా చెడితే కనిపించే వస్తువు మేలు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. గుచ్చుకునే ఒరను మనిషి నాలుగు రోజులు పెట్టుకుని ఐదో రోజు విప్పి కౌంటర్ డ్రాయర్‌లో పడేస్తాడు. ఒర లేకుండా డ్రాయర్‌లో పడి ఉన్న పిస్టల్ ఏ తోలు ఒరలోని పిస్టల్ కన్నా ప్రమాదం. అలాంటివారు ఒంటి వైపు తోలు, పిస్టల్ వైపు కైడెక్స్ ఉన్న హైబ్రిడ్ రకం చూడవచ్చు. తోలే కావాలనుకుంటే మందపాటి తోలుతో, మూతి మూసుకుపోకుండా లోపల లోహపు పట్టీ వేసి కుట్టినది తీసుకోవాలి. ఏటా ఒక తేదీ పెట్టుకుని పరీక్షించాలి, సడలితే మొహమాటం లేకుండా మార్చాలి. రాత్రిపూట పిస్టల్‌ను తోలు ఒరలోనే ఉంచి దాచకూడదు, తేమకు తుప్పు పడుతుంది. ఇరవై డాలర్లకు దొరికే, అన్ని పిస్టళ్ళకూ సరిపోతుందనే మెత్తటి నైలాన్ సంచి మాత్రం తోలుకూ ప్లాస్టిక్‌కూ రెంటికీ చెడ్డది. వేల డాలర్ల ఫోన్లు కొనే మనం ఇక్కడ పిసినారితనం చూపకూడదు.

కొన్న ఒరను ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముందు పిస్టల్ ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టండి. పిస్టల్ ఒరలో పెట్టి, ట్రిగ్గర్ ఉన్నచోట బయటినుంచి వేలితో గట్టిగా నొక్కండి. ట్రిగ్గర్ కదిలినట్టు తెలిస్తే ఆ ఒర పనికిరాదు. మంచం మీద తలకిందులు చేసి ఊపండి, జారిపడకూడదు. పిస్టల్ తీసి, రెండో చేతి సాయం లేకుండా మళ్ళీ లోపలికి వెళ్తుందా చూడండి. పిస్టల్‌కు లైటు బిగిస్తే ఆ లైటుతో సహా అచ్చు పోసిన ఒరే కావాలి. ఒర ఎంత మంచిదైనా, ఆఫీసుకు పెట్టుకునే మెత్తటి బెల్టు దాన్ని నిలబెట్టదు.

ఆడవాళ్ళ సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. చీరకు, పంజాబీ డ్రెస్‌కు బెల్టు ఉండదు కాబట్టి పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్తుంది. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రం హేడెన్ పట్టణంలోని ఒక దుకాణంలో, షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ళ పిల్లవాడు తల్లి బ్యాగ్‌లోని పిస్టల్ అందుకున్నాడు. అది పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ బ్యాగ్ తుపాకీ కోసం ప్రత్యేకంగా చేసినదే, జిప్పు కూడా ఉంది. బ్యాగ్‌లో పెట్టక తప్పదంటే ట్రిగ్గర్‌ను కప్పే గట్టి ఒరలోనే పెట్టాలి, ఆ అరలో తాళంచెవులు, లిప్‌స్టిక్ ఏవీ ఉండకూడదు, బ్యాగ్ భుజం మీంచి దిగకూడదు. పసిపిల్లలున్న తల్లికి నా సలహా అడిగితే, బ్యాగ్‌లో అసలు వద్దంటాను.

గుడి సంగతీ ఇలాంటిదే. మనలో చాలామంది తోలు బెల్టు, పర్సు కారులో వదిలి దర్శనానికి వెళ్తారు. టెక్సస్‌లో గుడి నిర్వాహకులు చట్టప్రకారం బోర్డు పెట్టినా, నోటిమాటగా చెప్పినా తుపాకీ లోపలికి తీసుకెళ్ళకూడదు. అప్పుడు పార్కింగ్‌లో, స్టీరింగ్ వెనక ఇరుక్కుని, వెనక సీట్లో పిల్లలుండగా పిస్టల్‌ను ఒరలోంచి లాగడం మొదలవుతుంది. పొరపాట్లు జరిగేది ఇలాంటి సమయాల్లోనే. బెల్టులోంచి దూర్చి కట్టే ఒర కన్నా, క్లిప్‌తో ఒరతో సహా ఊడివచ్చే రకం ఇక్కడ పనికొస్తుంది. ట్రిగ్గర్ కప్పి ఉండగానే కారుకు బిగించిన ఉక్కు పెట్టెలో పెట్టి తాళం వేయవచ్చు. అన్నిటికన్నా మంచిది, గుడికి వెళ్ళే రోజు దాన్ని ఇంట్లో సేఫ్‌లోనే ఉంచి రావడం.

ఇంటికి వచ్చాక ఒర పని అయిపోయినట్టే. ఒర అంటే తాళం కాదు. తూటాలు నింపిన తుపాకీని 17 ఏళ్ళలోపు పిల్లలకు అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. మన ఇళ్ళలో పిల్లలొక్కరే కాదు, ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలూ ఉంటారు. మడతపెట్టిన బట్టలు సర్దుదామని అమ్మ తెరిచే అలమరలో, మన బనియన్ల కింద అది ఉండకూడదు. తాళం వేసే సేఫ్ కొనడానికి డబ్బు, చోటు లేవనుకునేవారు పిస్టల్ కొనడం వాయిదా వేసుకోవాలి.

ఆ రాత్రి గరాజ్‌లో వాదన ముగిశాక నేను ఆ మిత్రుణ్ణి పక్కకు పిలిచి, పిస్టల్ ఖాళీ చేయించి, ఆ కొత్త తోలు ఒరలో పెట్టించి బయటినుంచి నొక్కమన్నాను. నొక్కాడు. ట్రిగ్గర్ వేలికి తెలిసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాపసు తీసుకుంటారంటావా?" అన్నాడు. తీసుకోకపోయినా ఫరవాలేదన్నాను.