మందుచీటి వ్రాయు అధికార మెవరిది?

మనోవ్యాధులకు చికిత్స చేయువారిలో రెండు తెగలవారు గలరు. సైకియాట్రిస్టు అనగా మొదట వైద్యకళాశాలలో శరీరశాస్త్రము, ఔషధశాస్త్రము మున్నగునవి చదివి, డాక్టరు పట్టము పొంది, అటుపిమ్మట మనోవ్యాధులయందు ప్రత్యేకముగ శిక్షణ మందిన వైద్యుడు. సైకాలజిస్టు అనగా మనస్తత్వశాస్త్రము నభ్యసించినవాడు. రోగి చెప్పుకొనునది ఓపికతో విని, తగిన పరీక్షలు జరిపి, తలంపుల తీరును అలవాట్లను మాటలతోనే చక్కబఱచువాడు. ఈ యిద్దఱిని కలిపి ఒక్క పేరుతో పిలుచుట మన యిండ్లలో పరిపాటి. కాని వీరి నడుమ ఒక గట్టి గీత గలదు. మొదటివాడు మందుచీటి వ్రాయవచ్చును, రెండవవాడు వ్రాయరాదు.

ఈ గీత అమెరికా సంయుక్తరాష్ట్రములలో కొన్నిచోట్ల చెఱిపివేయబడినది. అచ్చట సైకాలజిస్టులకును మందు వ్రాయు అధికారము చట్టమూలముగ నొసగిరి. సముద్రముల కావలి సంగతి మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పవలదని మనవి. దిగులు, ఆందోళన అను వ్యాధులు పురుషులకంటె స్త్రీలకే యెక్కువగ వచ్చుచున్నవి. ఆ మందులు మ్రింగువారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే. పైగా మన తెలుగు ఆడపడుచు లెందఱో ఆ దేశముననే కాపురములు చేయుచున్నారు. వారి పురుళ్ళకు ఇచ్చటినుండి తల్లులు తరలిపోవుచునే యున్నారు.

ఈ కథ 1984లో హవాయిలో మొదలైనది. ఆ రాష్ట్రపు సెనేటరు డేనియల్ ఇనౌయే సైకాలజిస్టుల సభలో మాటలాడుచు, మందు వ్రాయు హక్కునకై ప్రయత్నింపుడని వారికి సలహా చెప్పెను. 1991లో అమెరికా రక్షణశాఖ తన కొలువులోని సైకాలజిస్టులలో కొందఱికి ఔషధవిద్య నేర్పి చూడ మొదలిడెను. 1997లో ఆ ప్రయోగము ముగియునప్పటికి శిక్షణ పూర్తిచేసినవారు పదిమంది. వారు జాగ్రత్తగనే పని చేసిరని పరిశీలకు లొప్పుకొనిరి. కాని ప్రభుత్వపు లెక్కల తనిఖీవారు వ్యయమును చూచి, ఒక్కొక్కరిమీద సుమారు 6,10,000 డాలర్లు పడినవని తేల్చిరి. ఆ సొమ్ముతో డాక్టర్లనే తయారుచేయరాదా యని ఎవరికైనను తోచును.

అయినను కోరిక చల్లారలేదు. 2002లో న్యూమెక్సికో రాష్ట్రము మొట్టమొదట ఈ చట్టమును చేసెను. అది విశాలమైన మెట్టదేశము; జనము పలుచన; ఆత్మహత్యలు అధికము. మనోవైద్యులు పట్టణములను విడిచి రారు. పల్లెవాసులు వారిని చూచుటకు గంటలకొలది ప్రయాణము చేయవలయును. ఆ కఱవే ఆ చట్టమునకు కారణము. 2004లో లూసియానా, 2014లో ఇల్లినాయిస్, 2016లో అయోవా, 2017లో ఐడహో, 2023లో కొలరాడో, 2024లో యూటా ఆ దారినే పట్టినవి. ఓరెగాన్‌లో 2010లోను, మరల 2017లోను శాసనసభ అంగీకరించిన బిల్లును గవర్నర్లు త్రోసిపుచ్చిరి. చిత్రమేమనగా, మాట పుట్టిన హవాయిలోనే 2007లో బిల్లునకు అదే గతి పట్టెను.

ఈ యధికారము సైకాలజిస్టు లందఱికిని ఊరక పంచిపెట్టినది కాదు. ఆ దేశమున సైకాలజిస్టనగా డాక్టరేటు పట్టము గలవాడు. న్యూమెక్సికో చట్టము అట్టివాడు మఱల 450 గంటల పాఠములు వినవలెననియు, పెద్దల పర్యవేక్షణలో కనీసము 100 మంది రోగులకు 400 గంటలు చికిత్స చేసి చూపవలెననియు, పరీక్షయం దుత్తీర్ణుడు కావలెననియు విధించినది. ఆ మీదటను మొదటి రెండేండ్లు ఒక వైద్యుని కనుసన్నలలోనే వ్రాయవలయును. ఎల్లప్పుడును రోగి కుటుంబవైద్యునితో సంప్రదించుచుండవలయును. ఇల్లినాయిస్‌వా రింకను బిగించిరి. వారు 2014లో చేసిన చట్టమున, పదునేడేండ్ల లోపువారికి, అఱువదియైదు దాటినవారికి, గర్భిణులకు, గుండెజబ్బు మొదలగు పెద్ద జబ్బులు గలవారికి సైకాలజిస్టు మందు వ్రాయరాదని కట్టుదిట్టము చేసిరి.

ఈ జాబితాను మేము పలుమాఱులు చదివితిమి. ఒక నిండు కుటుంబమును తలచుకొని చూడుడు. పిల్లలను తీసివేసిరి, తాతను అవ్వను తీసివేసిరి, కడుపుతో నున్న కోడలిని తీసివేసిరి. ఇక మిగిలినది ఏ జబ్బును లేని నడివయస్సు మనుష్యుడు. అధికార మిచ్చిన శాసనకర్తలకే లోపల నెంత బెదురున్నదో దీనినిబట్టి తెలియుచున్నది. ఆ బెదురు అకారణమని మేమనము.

ఏలయనగా, మందు మనస్సునకై ఇచ్చినదైనను అది పోవునది శరీరములోనికి. థైరాయిడ్ గ్రంథి మందగించిన స్త్రీకి దిగులు, మత్తు, బరువు, దేనియందును మనస్సు నిలువకుండుట కలుగును. రక్తహీనత గలిగిన స్త్రీకి నీరసము, చీకాకు కలుగును. ఇంటివారు "దిష్టి" యందురు, లేదా "అంతయు నటన" యందురు. నెత్తురు పరీక్షింపక దిగులుమందు వ్రాసినచో అసలు వ్యాధి అట్లే యుండును. ఇక లిథియమ్ అను మందున్నది. ఉన్మాదము, విషాదము మాఱిమాఱి వచ్చు వ్యాధికి అది మేలైన మందు. 1949 నుండి వాడుకలో నున్నది. కాని దాని మోతాదు రక్తములో కొలిచి చూడవలయును. మూత్రపిండములను, థైరాయిడ్‌ను ఏడాదికేడాది గమనింపవలయును. మన రోహిణికార్తె యెండలలో చెమట పోసి ఒంటిలో నీరు తగ్గినను, కీళ్ళనొప్పులకు దుకాణములో ఇబుప్రోఫెన్ వంటి మాత్ర కొని మ్రింగినను, ఆ లిథియమ్ రక్తములో పెరిగి విషమగును.

వాల్‌ప్రోయేట్ సంగతి ప్రతి తల్లియు తెలిసికొనదగినది. మూర్ఛలకును, పైజెప్పిన మనోవ్యాధికిని దీనిని వాడుదురు. గర్భిణి దీనిని వాడినచో పుట్టు శిశువులలో నూటికి సుమారు పదిమందికి అవయవలోపములు కలుగుచున్నవి. నూటికి ముప్పది నలువదిమంది పిల్లలకు బుద్ధివికాసము మందగించుచున్నది. కావుననే పెండ్లికి ఎదిగిన బాలికకు ఈ మందు వ్రాయునప్పుడు వైద్యుడు ఆమెతో గర్భధారణమునుగూర్చి మాటలాడితీరవలెను. మన దేశములో ఆ మాట ఎత్తుటకు డాక్టరు సిగ్గుపడును, వినుటకు తల్లి సిగ్గుపడును. ఇప్పటికే ఈ మందు వాడుచున్నవారు ఇది చదివి బెదరి తామంతట మానరాదు. హఠాత్తుగా మానిన మూర్ఛలు ముంచుకొనివచ్చును. వెంటనే వైద్యునితో చెప్పి మార్పించుకొనవలయును.

ఇట్లు చూచిన, అమెరికాలోని వైద్యసంఘములు ఈ చట్టముల నెదిరించుట న్యాయముగనే తోచును. కాని రెండవ వైపు వినక తీర్పు చెప్పరాదు గదా.

ఆ దేశములో దిగులుమందులు ఎక్కువగ వ్రాయుచున్నవారు మనోవైద్యులు కారు, సామాన్యవైద్యులు. వారు శరీరము నెఱిగినవారే, కాని రోగి కథ వినుటకు వారికి కొన్ని నిమిషములకంటె తీఱిక లేదు. మన పట్టణములలో నైన నంతే. నెలల పసికందును ఒడిలో నుంచుకొని, నిద్ర లేక, కారణము తెలియని కన్నీరు కార్చు బాలింత తన బాధను ఆ కొన్ని నిమిషములలో ఎట్లు చెప్పుకొనును? ప్రక్కనే అత్తగారో భర్తయో నిలుచుండియుందురు. ఆమెతో వారమువారము గంటసేపు కూర్చుండువాడు సైకాలజిస్టు. ఆమెకు మందు అవసరమో కాదో, మందు పనిచేయుచున్నదో లేదో ముందుగా కనిపెట్టువాడు నతడే. అట్టివాడు మాట యొకచోట, మందు ఒకచోట కాక రెండును తన చేతనే యుండిన మంచిదనుటలో అర్థము లేకపోలేదు. మఱియొక మాట వారు చెప్పునది మాకు నచ్చినది: మందు వ్రాయు అధికారము గలవానికే దానిని మాన్పించు అధికారము నుండును. అక్కఱలేని మాత్రలు ఏండ్లతరబడి సాగుచుండగా చూచియు నోరు మెదపలేని స్థితిలో సైకాలజిస్టు లున్నారు. న్యూమెక్సికో, లూసియానాలలో ఈ చట్టములు వచ్చిన పిదప ఆత్మహత్యలు కొంత తగ్గినవని 2021లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెల్పుచున్నది. ఒక్క పరిశోధనతోనే తగవు తీఱదు. అయినను ప్రాణములకు సంబంధించిన లెక్కను త్రోసివేయుటకు వీలు లేదు.

ఇక మన దేశము మాట. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 106వ విభాగమున, ఏ మానసిక ఆరోగ్యనిపుణుడును తన వృత్తిపరిధికి చెందని మందును గాని చికిత్సను గాని సూచింపరాదని స్పష్టముగ నున్నది. కావున ఇచ్చట సైకాలజిస్టు మందు వ్రాసిన తప్పు. ఎవరైన వ్రాసి యిచ్చినచో ఆ చీటిని పుచ్చుకొనరాదు.

ఈ గీతను మనమును చెఱుపుదమా యని అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్సువారు పండ్రెండు రాష్ట్రములలో సర్వే జరిపిరి. వానిలో తెలుగు రాష్ట్రము లేకపోయినను ఫలితము మనకును వర్తింపకపోదు. వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధి గలదనియు, వ్యాధినిబట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్సయే అందుట లేదనియు తేలినది. లక్ష జనులకు ఒక్క మనోవైద్యుడైనను లేడు. అట్లయిన అమెరికా పద్ధతి మనకు వరము గదా యని తోచవచ్చును. కాని అమెరికాలో మనోవైద్యులకంటె సైకాలజిస్టులు అధికము; అందుచే కఱవు తీర్చుటకు వారు పనికివచ్చిరి. మన దేశమున రిహాబిలిటేషన్ కౌన్సిలులో పేరు నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు మనోవైద్యులకంటెను తక్కువ. ఉన్నవారును హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలోనే. బావిలో నీరు లేనప్పుడు చేద మార్చిన లాభమేమి? పైగా ఆ కొద్దిమందిచేత చీటీలు వ్రాయించిన యెడల, నేడు గంటసేపు వినువారు కూడ రేపు కొన్ని నిమిషములలో ముగింపరని నమ్మక మేమి? మనకు ముందు కరవైనది వినువారే గాని వ్రాయువారు కారు.

వ్రాయకయే మందులు దొరకుచున్న దేశము మనది. ఆల్ప్రజోలామ్ అను నిద్రమాత్రను హెచ్.1 పట్టికలో చేర్చిరి. దానిని డాక్టరు చీటి లేక అమ్మరాదు. 2014 మార్చి నుండి అమ్మినవాడు వేఱుగ పుస్తకములో వ్రాసి యుంచవలయును. అయినను ఎప్పుడో వ్రాసిన పాతచీటితో, ఒక్కొక్కప్పుడు అదియు లేక, వీథిచివర దుకాణమునుండి ఈ మాత్ర తెప్పించుకొను గృహిణులు మన బంధువర్గములలోనే గలరు. కొన్ని వారములకే అది అలవాటగును. పిమ్మట ఒక్కసారిగ మానిన వణుకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు వచ్చును. దానిని వైద్యుని చెప్పుచేతలలో కొంచెము కొంచెముగ తగ్గింపవలయును. ఇట్టివారికి కావలసినది మఱియొక చీటికాదు. నిద్ర యేల పట్టదో అడిగి కూర్చుండు మనుష్యుడు.

మా యభిప్రాయము దాచక చెప్పుచున్నాము. న్యూమెక్సికోవలె కఠినమైన శిక్షణ, కుటుంబవైద్యునితో విడువని సంప్రదింపు ఉన్నచోట ఆ యధికారము నిచ్చుట తప్పుకాదు. మన దేశమున నేడు దానికి తొందరలేదు. జిల్లా ఆసుపత్రి కొక సైకాలజిస్టును నియమించి, ఆమె వ్రాసిన నివేదికను అచ్చటి డాక్టరు చదువునట్లు చేసిన చాలును. అట్టి యేర్పాటు కాగితముమీద 1996 నుండి జిల్లా మానసిక ఆరోగ్య పథకమను పేర నున్నది. చాలచోట్ల కుర్చీ యున్నది, కూర్చుండువారు లేరు.

అమెరికాలో నున్న మన కుమార్తెలు ఇట్టి సైకాలజిస్టుచేత మందు వ్రాయించుకొనునెడల, తమ కుటుంబవైద్యునికి ఆ సంగతి తెలిసినదో లేదో అడుగవలయును. గర్భమును తలపెట్టినచో ముందే చెప్పవలయును. ఇచ్చటివారు మనోవైద్యునియొద్దకు పోవునప్పుడు తాము వాడు మందులన్నియు, ఆయుర్వేదపు చూర్ణములు, నొప్పిమాత్రలతో సహా, సంచిలో వేసికొని పోవుడు. ఈ మందు ఎన్నినాళ్ళు, ఎప్పుడు ఎట్లు మానవలె నని మొదటినాడే అడుగుడు. ఇల్లు కదలలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ-మానస్ అను టెలిఫోను సాయము గలదు, సంఖ్య 14416, రుసుము లేదు, రాత్రింబవళ్ళు తెలుగులోనే మాటలాడవచ్చును. అచ్చట మొదట మాటలాడువారు సలహాదారులు. మందు కావలసినదని తోచిన వారే మనోవైద్యునికి అప్పగింతురు.