ఏజెన్సీ ఆస్పత్రులకు ఏజెన్సీ నర్సులు

కడియం పరిసర గ్రామాల్లో గర్భిణికి నొప్పులు మొదలైతే గంటలోపే రాజమండ్రి పెద్దాస్పత్రికి చేర్చవచ్చు. నర్సు తెలుగులో అడుగుతుంది, గర్భిణి తెలుగులో చెబుతుంది. అదే ఆస్పత్రికి మారేడుమిల్లి నుండి రావాలంటే 80 కిలోమీటర్ల పైమాటే. చింతూరు ఇంకా దూరం. ఇంత దూరం వచ్చిన కోయ స్త్రీకి తన భాష తెలిసిన నర్సు ఎదురుపడుతుందన్న భరోసా లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో రంపచోడవరం ఏజెన్సీ తూర్పు గోదావరి నుండి వేరుపడింది. హద్దులు మారాయే గాని రోగుల దారి మారలేదు.

రక్తం తక్కువగా ఉందన్నా, కాన్పు కష్టమవుతుందన్నా, తమ పిల్ల చెబితే గూడెం వింటుంది. కొత్తవారు చెబితే జంకుతుంది. కనుక గిరిజన యువతులు నర్సులుగా, ఏ.ఎన్.ఎం.లుగా రావడం కేవలం ఉద్యోగాల పంపకం కాదు, తల్లీబిడ్డల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో ప్రభుత్వం 3వ నెంబరు జీవో జారీ చేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నర్సుల విషయంలోనూ ఆ దారి మూసుకుపోయినట్టే. రాష్ట్రమంతటికీ వర్తించే 6 శాతం కోటా ఉన్నది నిజమే. కాని చదువు లేనిదే కోటా అక్కరకు రాదు.

చిక్కు అక్కడే ఉంది. ఏ.ఎన్.ఎం. శిక్షణకు ఒకప్పుడు పదో తరగతి చాలేది. ఇప్పుడు ఇంటర్ కావాలి. ఆపై 2 సంవత్సరాల శిక్షణ. జనరల్ నర్సింగుకు 3 సంవత్సరాలు. పదితోనే చదువు ఆగిన కోయ, కొండరెడ్డి బాలికకు ఆ గడప అందదు. మడిలో నారు పోయకుండా తోటలో మొక్క కోసం వెతికితే దొరకదని కడియం రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఏజెన్సీలోని ప్రతి గిరిజన బాలికల కళాశాలలో సైన్సు గ్రూపు, అధ్యాపకులు, హాస్టలు వసతి ఉండేటట్టు ఐ.టి.డి.ఎ. చూడాలి. రాజమండ్రి, కాకినాడ నర్సింగు స్కూళ్లలో చేరిన గిరిజన బాలికలకు భోజన వసతితోబాటు తొలి ఏడాది ప్రత్యేక బోధన కల్పించాలి. శిక్షణ పూర్తయిన వారు కోరుకుంటే సొంత మండలానికి దగ్గరలోనే నియమించాలి. ఈలోగా ఏజెన్సీకి వెళ్లే మైదాన ప్రాంతపు సిబ్బందికి కోయ మాటలు నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

గూడెంలో మంత్రసానుల చేతి నేర్పు తరతరాలుగా ఉన్నదే. వారి మనుమరాళ్లకు తెల్ల కోటు తొడిగే బాధ్యత ప్రభుత్వానిది. ఇకనైనా ఆలస్యం తగదు.